కరవు సీమ వార్తలు: ఒక సింహావలోకనం

సింహం కొంతదూరం నడిచిన తరువాత ఒకసారి ఆగి, వెనుకకు తిరిగి, తాను వచ్చిన త్రోవను పరికిస్తుందని పెద్దల మాట. సింహావలోకనమనే పదం దాని నుండి పుట్టినదే. సంవత్సరాంతంలో పత్రికారచయితలు తాము ఆ ఏట వ్రాసినవాటిని, చదివినవాటిని ఇట్లే ఒకసారి తిరిగి చూచుకొనడం వాడుక. రాజకీయ విలేఖరికి ఈ పని కష్టం కాదు. ఎన్నిక జరిగినది, ఫలితం తెలిసినది, కథ ముగిసినది. ఆటల విలేఖరికి ఇంకను సులభం. కాని వానను, నేలను, చెరువులను, అడవులను గూర్చి వ్రాసే విలేఖరి కథలో ఏదీ డిసెంబరు 31వ తేదీతో ముగియదు. బోరు ఎండినదని ఒకనాడు అతడు వ్రాసిన వార్తకు కారణం ఇరవై ఏండ్ల క్రిందట మొదలై ఉండవచ్చును. దాని ఫలితం మరొక ఇరవై ఏండ్లు సాగవచ్చును. కనుక అతడు వెనుకకు తిరిగి చూడవలసిన దూరం ఒక్క ఏడాది కాదు.

ఈ పర్యావరణ వార్తారచనను కర్నూలు, కడప జిల్లాల ఆధారంగా విమర్శదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినది. ఇక్కడ మాత్రం ఆ పేర్లు పూర్వపు ఎల్లలనే సూచిస్తవి. కావ్యాన్ని విమర్శించడానికి అలంకారశాస్త్రం ఉన్నట్లే ఇట్టి రచనలను విలువ కట్టడానికి కూడా కొన్ని కొలబద్దలు ఉండాలి. నా దృష్టిలో అవి మూడు. మొదటిది, రచనలో కొలత ఉన్నదా? రెండవది, కాలం ఉన్నదా? అనగా ముందు ఏమి ఉండినది, తరువాత ఏమైనది అని రచయిత చూచాడా? మూడవది, ఆ నేలమీద బ్రతికేవాని తెలివికి అందులో చోటు ఉన్నదా?

కార్తెల వెంట నడిచే వార్తలు

మన ప్రాంతపు వార్తలను ఏడాది పొడుగునా వరుసగా చదివితే వాటికి కూడా కార్తెలు ఉన్నవని తెలుస్తుంది. రోహిణిలో వడగాడ్పులు, ఖాళీ బిందెల బారులు. మృగశిర, ఆరుద్రలలో విత్తనపు వేరుసెనగకాయల కొరకు రైతుల నిరీక్షణ. ఆశ్లేష, మఖలలో వాడిపోతున్న చేలు. స్వాతి, విశాఖలలో తుఫాను వానలు, తెగిన కట్టలు. మాఘ ఫాల్గుణాలలో అడుగంటిన జలాశయాలు. తరువాత మరల రోహిణి. ఏటికి ఏడు బొమ్మలు మారుతవి గాని మాటలు మారవు.

ఆ మాటలను కొంచెం పరీక్షింపవలసి ఉన్నది. వాన రాకుంటే "వరుణుడు ముఖం చాటేశాడు". వరద వస్తే "ప్రకృతి కన్నెర్ర చేసింది". నీరు అందకుంటే "బోరుమంటున్న బోర్లు". మూడవదానిలోని శ్లేష చెవికి ఇంపుగానే ఉన్నది. కవిత్వంలో ఇట్టివి అలంకారాలు. వార్తలో మాత్రం దోషాలు. ఎందుచేతనంటే ఇవి వాక్యంలో కర్తను మార్చివేస్తవి. కట్ట తెగడానికి కర్త ప్రకృతి అయినప్పుడు, దానికి మరమ్మతు చేయవలసినవారు ఎవరన్న ప్రశ్న పుట్టదు. వ్యాకరణం చదివే విద్యార్థికి ఇది సులభంగా బోధపడుతుంది: కర్త తప్పితే క్రియకు బాధ్యుడు ఉండడు.

బోర్లు బోరుమన్నవని చెప్పి ఊరుకొన్న వార్త మనకు ఏమి చెప్పలేదో గమనించండి. ఆ బోరు లోతు ఎంత? వేసిన ఏడాది ఏది? అప్పుడు నీరు ఎన్ని అడుగులకు పడినది? చుట్టుప్రక్కల బోర్లు ఎన్ని? క్రింద ఉన్న రాయి ఏది? నల్లరాతి నేలలో నీరు నిలిచేది పైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే. ఆ పగుళ్ళు లోతుకు పోయిన కొలది సాధారణంగా తగ్గిపోతవి. అందువలన వేయి అడుగులు తొలచిన రైతుకు అప్పు పెరుగుతుందే గాని నీరు పెరుగుతుందన్న నిశ్చయం లేదు. ఈ ఒక్క శాస్త్రవిషయం వార్తలో చేరితే, చదివిన రైతు మరొక బోరు వేయబోయే ముందు ఒకసారి ఆలోచిస్తాడు. శ్లేష అతనికి ఆ మేలు చేయలేదు.

కొలత లేని కరవు

కర్నూలు జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. కడపలో సుమారు 700. సగటుకు 19 శాతం వరకు అటు ఇటుగా కురిస్తే వాతావరణశాఖ దానిని సాధారణ వర్షపాతం అంటుంది. 20 నుండి 59 శాతం వరకు తగ్గితే లోటు. అంతకు మించితే తీవ్రమైన లోటు. "సాధారణం" అన్న మాట చదివి పట్టణవాసి తృప్తిపడతాడు. కాని ఏడాది మొత్తం సాధారణమై ఉండగానే పంట పోవచ్చును. వేరుసెనగ ఊడలు దిగే వేళ నాలుగు వారాలు చినుకు లేక, కోతల వేళ నాలుగు దినాలలో కుండపోత కురిస్తే లెక్కలో మొత్తం సరిపోతుంది, చేనులో కాయ ఉండదు. కాబట్టి విలేఖరి మొత్తాన్ని మాత్రమే కాక, వానకు వానకు మధ్య గడిచిన దినాలను కూడా చెప్పాలి.

ఇంకొక చిన్న లెక్క. ఒక ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4 వేల లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి లక్ష లీటర్లు. "మంచి వాన పడినది" అని వ్రాసిన వార్తను తరగతిలో చదివించి, ఊరి పొలమంతటి మీద ఎంత నీరు పడినదో, అందులో చెరువుకు ఎంత చేరినదో, తక్కినది ఎక్కడికి పోయినదో లెక్క వేయమని ఉపాధ్యాయులు అడుగవచ్చును. అట్టి ప్రశ్నకు తావిచ్చే వార్తయే మంచి వార్త.

కరవును గూర్చిన రచనలలో ప్రఖ్యాతమైనది పి. సాయినాథ్ 1996లో ప్రకటించిన "ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్". దేశంలోని పది మిక్కిలి పేద జిల్లాలలో తిరిగి ఆయన పత్రికకు పంపిన వార్తల సంపుటం అది. ఒరిస్సాలోని కలహండిలో వర్షపాతం మన రాయలసీమ కంటె ఎంతో ఎక్కువ. అయినా ఆ జిల్లా పేరు ఆకలికి మారుపేరుగా వినవచ్చేది. కరవు ఆకాశం నుండి మాత్రమే దిగదని, అప్పు, భూమి, కాంట్రాక్టులు, అధికారం కలిసి దానిని తయారుచేస్తవని ఆ గ్రంథం చూపినది. ఇది గొప్ప సేవ. కాని ఆ పుస్తకం పేరును నినాదంగా వాడుకొన్న తరువాతివారు కొందరు, వానకు కరవుకు సంబంధమే లేదన్నట్లు వ్రాశారు. ఇది మన సీమకు పొసగదు. ఇక్కడ వాన నిజంగా తక్కువ. ఆ తక్కువ వానతో ఏమి చేశామన్నది రెండవ ప్రశ్న. మొదటిదానిని దాచి రెండవదానికి సమాధానం చెప్పలేము.

కొలత వలన ప్రాణాలు నిలుస్తవన్నది అలంకారం కాదు. 1876-78 నాటి మహాక్షామం కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలను ఘోరంగా పీడించినది. అప్పుడు కరవు పనులకు వచ్చిన పురుషునికి దినానికి ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై ఒక అణా చాలునని ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు రాష్ట్రపు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించాడు. శ్రమించే శరీరానికి కనీసం ఒకటిన్నర పౌనుల ధాన్యం, దానితోపాటు పప్పు, కూరలు కావలెనని అతని వాదం. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ధాన్యాన్ని సుమారు 570 గ్రాములకు పెంచి, కొంత పప్పును చేర్చినది. కార్నిష్ కోరినంత కాకున్నా, అది జాలి మాటలకు కాక లెక్కలకు లభించిన ఫలితం.

ఈ క్షామకాలపు చరిత్రను "మద్రాస్ టైమ్స్" సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాల గ్రంథంగా ప్రకటించాడు. మన ప్రాంతపు ప్రకృతి విపత్తును ఒక పత్రికారచయిత వెనుదిరిగి చూచి వ్రాసిన తొలి పెద్ద రచనలలో దీనిని లెక్కింపవచ్చును. మొదటి కొలబద్దకు ఇది నిలుస్తుంది. మూడవదానికి నిలువదు. అందులో ఎక్కువగా వినిపించేది దొరల కాగితాలు, దొరల వాదాలే. రాళ్ళు కొట్టిన కూలీ ఆ లెక్కలలో అంకెగానే ఉన్నాడు గాని, మాట్లాడే మనిషిగా అరుదు.

రోజు లేని వార్తలు

పత్రికకు రోజు కావాలి. ప్రకృతిలో ముఖ్యమైన మార్పులకు మాత్రం చాలావరకు రోజు ఉండదు. దీనికి మన సీమలోని రెండు పక్షుల కథలే చాలు.

మొదటిది కలివికోడి. ముళ్ళపొదలు, వాటి నడుమ బయలు నేల ఉన్నచోట రాత్రిపూట సంచరించే పక్షి ఇది. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత ఏ శాస్త్రజ్ఞునికీ కనబడలేదు, అంతరించినదనే తలచారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపంలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ అన్వేషణలో అది మరల దొరికినది. ఆ అన్వేషణకు కన్ను, చెవి అయినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. గ్రంథాలలో 86 ఏండ్లు లేని పక్షి అతని ఎరుకలో ఉన్నది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఏర్పడినది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి ఉండే పొదల అంచుకు వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు అభ్యంతరం తెలుపగా, కాలువ మార్గాన్ని మార్చారు. తరువాత చాలాకాలం ఆ పక్షి జాడ లేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలోనే దాని కూతను పక్షి పరిశీలకులు మరల విన్నారు, ధ్వనిముద్రణ చేశారు.

ఈ కథలో పత్రికలకు అందివచ్చిన రోజులు మూడో నాలుగో: దొరికిన రోజు, కాలువ తవ్విన రోజు, కూత వినిపించిన రోజు. ప్రతిసారీ అదే పద్ధతి: ఆశ్చర్యార్థకం ఒకటి, అస్పష్టమైన ఛాయాచిత్రం ఒకటి, "అరుదైన పక్షి" అన్న మాట ఒకటి. కాని అసలు కథ ఆ రోజుల మధ్య ఉన్న ఏండ్లలో జరిగినది. పొద ఎంత పలుచబడినది, వంటచెరకుకు ఎంత పోయినది, చేలుగా ఎంత మారినది, మేకలు ఎంత మేసినవి, మేకల కాపరికి ప్రత్యామ్నాయం ఏమున్నది అన్నవి వార్తలు కాలేదు. మరీ పలుచబడినా, మరీ దట్టమైనా ఆ పొద కలివికోడికి పనికిరాదు. కొంత మేత, కొంత నరకుడు ఉంటేనే బయలు నిలుస్తుంది. కనుక "అడవిని కాపాడండి" అన్న సామాన్యమైన ఉపదేశం ఈ పక్షికి సరిపోదు. ఎంత మేత, ఎంత నరకుడు అన్న కొలతయే ఇక్కడ ప్రశ్న.

రెండవది బట్టమేక పిట్ట. కర్నూలు జిల్లా రోళ్ళపాడులోని పచ్చిక బయళ్ళను దీని కొరకు 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. వైశాల్యం సుమారు 6 చదరపు కిలోమీటర్లు. ఆనాడు దేశమంతటా పేరుపొందిన ఆ తావులో తరువాత బట్టమేకలు క్రమంగా తగ్గి కనబడకుండా పోయినవి. కృష్ణజింకలు మాత్రం పెరిగినవి. కంచె లోపల గడ్డి ఉన్నది. కాని ఆ పిట్ట కంచె లోపల మాత్రమే బ్రతికేది కాదు. చుట్టుప్రక్కల మెట్టచేలలో తిరిగి పురుగులను, గింజలను తినేది. కాలువల నీటితో ఆ చేలలో పైరుల తీరు మారినది. రైతుకు నీరు రావడం తప్పు కాదు, అది అతని హక్కు. అయితే ఒక మేలుకు వెల ఏమిటో చెప్పడం రచయిత ధర్మం. ఒక జాతి ఒక తావును విడిచిపోయిన దినం వార్త కాదు, ఎందుచేతనంటే ఆ దినం ఏదో ఎవరికీ తెలియదు. ఏటేటా వెళ్ళి లెక్కించినవానికే అది తెలుస్తుంది. రెండవ కొలబద్దకు నిలవాలంటే విలేఖరి అదే తావుకు తిరిగి పోవాలి. ఏమీ జరుగని ఏట కూడా పోవాలి.

తుమ్మలపల్లె: మూడు బద్దలకూ పరీక్ష

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో భారత యురేనియం సంస్థ గనిని, శుద్ధి కర్మాగారాన్ని స్థాపించినది. 2007లో శంకుస్థాపన జరిగినది; 2012లో పని ప్రారంభమైనది. 2018లో సమీపంలోని కె.కె. కొట్టాల రైతులు తమ బోర్ల నీరు చెడినదని, అరటి తోటలు ఎండుతున్నవని, ఇందుకు వ్యర్థాల చెరువే కారణమని ఫిర్యాదు చేశారు. సంస్థ దానిని అంగీకరించలేదు. అప్పటి నుండి ఇది అడపాదడపా వార్తలలోకి వస్తూనే ఉన్నది.

ఒక ప్రక్కవారు "విషం" అన్నారు. మరొక ప్రక్కవారు "పరిమితికి లోబడి ఉన్నది" అన్నారు. పాఠకునికి రెండు మాటలూ ఒకటే, ఎందుచేతనంటే రెండింటిలోను అంకె లేదు. త్రాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి 60. ఒక బోరులో 45 మైక్రోగ్రాములు ఉన్నదనుకొందాం. ఆ నీరు ఒక పత్రికలో ప్రమాదకరం కావచ్చును, మరొకదానిలో క్షేమకరం కావచ్చును. ఇద్దరూ అబద్ధమాడినవారు కారు. ఏ గీతతో కొలిచారో చెప్పనివారు మాత్రమే.

ఇంతటితో తీరదు. ఖనిజం ఉన్న రాతిలోని నీటిలో సహజంగానే కొంత యురేనియం ఉండవచ్చును. కాబట్టి గని తవ్వక ముందు అదే బోర్లలో ఎంత ఉండినదన్న లెక్క లేకుండా, నేటి అంకె ఒక్కటే ఎవరినీ దోషిగా గాని నిర్దోషిగా గాని నిలుపలేదు. మరొక సంగతి కూడా ఉన్నది. ఇక్కడి ఖనిజం సున్నపు జాతి రాతిలో ఉన్నందున ఆమ్లంతో కాక, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు వంటి క్షారలవణాలతో యురేనియాన్ని వేరుచేస్తారు. అరటి ఉప్పునీటికి ఓర్వలేని పంట. కనుక తోట ఎండినప్పుడు అడుగవలసినది యురేనియం ఒక్కటే కాదు. నీటిలోని సోడియం ఎంత, క్షారత ఎంత అని కూడా. యురేనియం అన్న పేరులోని భయం వార్తను అమ్ముతుంది గాని, రైతు పోగొట్టుకొన్న తోటకు జవాబు సోడియంలో కూడా ఉండవచ్చును. తన నీటి రుచి ఏ ఏట మారినదో, ఏ తోట ముందు వాడినదో చెప్పగలిగినవాడు ఆ రైతే. అతని మాటను కేవలం కన్నీటికి కాక సాక్ష్యానికి వాడుకొన్న రచన మూడవ కొలబద్దకు నిలుస్తుంది.

రాతిమీద వ్రాసిన సమీక్ష

ఇట్టి రచన ఆధునికులకే సాధ్యమని అనుకొనరాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉన్నది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే ఈ చెరువును కట్టించిన సంగతిని అది తెలుపుతుంది. రాజస్తుతి ఉన్నది, దానగుణ వర్ణన ఉన్నది. కాని దాని అసలు విలువ వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాగల ఆరు దోషాలను అది పేర్కొన్నది. గట్టి నేల, తియ్యని నీటి ఏరు, కొండల నడుమ పొడవు ఎక్కువ కాని దృఢమైన రాతికట్ట, లోతైన గర్భం, దగ్గరలో రాతిగని, క్రింద చదునైన సారవంతమైన పొలాలు, జలవిద్య నేర్చిన పండితుడు, పనివాండ్రు మొదలైనవి అంగాలు. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, గర్భంలో మిట్ట, ఆయకట్టు ఎక్కువై నీరు తక్కువ కావడం, నీరు ఎక్కువై చోటు తక్కువ కావడం అన్నవి దోషాలు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాలు పట్టినవని లెక్క కూడా చెప్పినది.

ఇప్పుడు 2021 నవంబరు 19 నాటి వార్తలను తీసికొని చూడండి. ఆనాడు రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయి, దిగువ గ్రామాలు ముంపునకు గురియై, పలువురు మరణించారు. ఎగువన పింఛ జలాశయపు కట్ట కూడా తెగినది. అన్నమయ్య జలాశయం 2.17 లక్షల క్యూసెక్కులను వదలగలదు; వచ్చిపడినది సుమారు 3.2 లక్షలని అప్పటి లెక్క. "ప్రకృతి కన్నెర్ర" అన్న శీర్షిక ఇక్కడికి సరిగా అతికినట్లు తోస్తుంది. కాని పోరుమామిళ్ళ శాసనకర్త అయితే దీనిని ఆరవ దోషమనేవాడు: నీరు ఎక్కువ, చోటు తక్కువ. దోషమన్నప్పుడు దానిని పోల్చుకొని సరిదిద్దేవాడు కూడా ఉండాలి. తుఫానుల తీరు మారుతున్న ఈ కాలంలో మన పాత జలాశయాల మరవలు, గేట్లు ఎంత వరదకు లెక్కకట్టినవి అన్న పట్టికను ఏటా వేసవిలోనే ప్రకటించే పత్రిక, వరదనాడు పది పుటల బొమ్మలు వేసే పత్రిక కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

శాసనాన్ని కూడా విమర్శ నుండి మినహాయింపనక్కరలేదు. వేయిమంది కూలీల సంఖ్య ఉన్నది గాని ఒక్కరి పేరూ లేదు. పాత జలవిద్యను మెచ్చుకొనే నేటి గ్రంథాలలో కూడా ఇదే లోపం పొడచూపుతుంది. అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ సంపాదకత్వంలో 1997లో వెలువడిన "డైయింగ్ విజ్డమ్" దేశమంతటి సాంప్రదాయిక జలవనరులను ఒకచోట పోగుచేసిన ఉపయుక్త గ్రంథం. అట్టి గ్రంథం చదివినప్పుడు పాతకాలమంతా బంగారమని విద్యార్థి అనుకొనే ప్రమాదం ఉన్నది. పూడిక తీసినదెవరు, నీరుగంటికి దక్కినదెంత, తూము దగ్గరి చేనుకు, ఆయకట్టు చివరి చేనుకు నీరు సమంగా అందినదా అన్న ప్రశ్నలు చెరువు అందంతో పాటు అడుగవలసినవే. పోరుమామిళ్ళ చెరువు నేటికీ వాడుకలో ఉన్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానికి, కర్నూలు-కడప కాలువకు కూడా వారసత్వ కట్టడాలుగా గుర్తింపునిచ్చినది. ఆ గుర్తింపు వార్త అయినది. ఆ ఏట చెరువులో పూడిక ఎంతన్నది కూడా వార్త కావలసినది.

గోడమీది పత్రిక

నేను చూచినంతలో ఈ మూడు కొలబద్దలకు బాగా నిలిచిన పర్యావరణ రచన పత్రికలలో కాదు, పల్లె గోడలమీద వెలువడినది. 2003 తరువాత కొన్నేండ్లపాటు కర్నూలు, కడపలతో సహా ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాన్ని కొలిచే పథకం ఒకటి నడిచినది. చదువు అంతగా లేని స్త్రీ పురుషులు సైతం వానకొలమానం చూచి, బావులలో నీటిమట్టం కొలిచి, బోరు పోసే నీటిని లెక్కించి, ఊరి నడుమ పలకమీద వ్రాశారు. రబీకి ముందు ఊరంతా కూడి, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత అని నీటి బడ్జెటు వేసికొన్నారు. ఏ రైతునూ ఈ పంట వేయవద్దని శాసించలేదు. లెక్క కంటికి కనబడిన తరువాత వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళినవారు ఉన్నారు. ఆ పలకలో కొలత ఉన్నది, ఏడాది వెంట ఏడాది కాలం ఉన్నది, వ్రాసినవాడే ఆ నేల మనిషి. లేనిది ఒక్కటే: పథకం పోయిన తరువాత దానిని కొనసాగించే చేయి. ఆ పలకలు ఈనాడు ఏ స్థితిలో ఉన్నవో ఊరూరా తిరిగి వ్రాయడం ఒక విలేఖరికి ఏడాది పనికి తగిన విషయం.

శాస్త్రం తెలిసిన రచనకు ప్రజాదరణ ఉండదన్న అపోహ కూడా మన సంపాదకులలో కొందరికి ఉన్నది. రేచల్ కార్సన్ 1962లో "సైలెంట్ స్ప్రింగ్" ప్రకటించినప్పుడు చివర యాభై పుటలకు పైగా ఆధారాల పట్టిక నిచ్చినది. ఆమె సముద్రజీవశాస్త్రం చదివిన రచయిత్రి. క్రిమిసంహారకాల కంపెనీలు ఎంత దాడి చేసినా ఆ పట్టిక ఆమెకు కోటగోడ అయినది. పుస్తకం లక్షలుగా అమ్ముడుపోయినది. 1972లో అమెరికా డి.డి.టి. వాడకాన్ని చాలావరకు నిషేధించినది. ఆధారం వలన పాఠకుడు పారిపోలేదు, నమ్మాడు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వచ్చే ఉగాది నుండి మీ పాఠశాలలో ఒక పుస్తకం తెరవండి. ఎడమ పుటలో మీ మండలపు వాన, బావి, చెరువు, పక్షులను గూర్చిన వార్తలను అతికించండి. కుడి పుటలో విద్యార్థులే పాఠశాల వానకొలమానంతో, ఒక బావి నీటిమట్టంతో తమ కొలతలు వ్రాయాలి. ప్రతి వార్త క్రింద మూడు ప్రశ్నలు: కొలత ఉన్నదా, కాలం ఉన్నదా, ఊరివాని తెలివి ఉన్నదా? ఏడాది తిరిగిన తరువాత ఎడమ పుటను కుడి పుటతో పోల్చి చదివించండి. పత్రికారచయిత వేసికొనవలసిన సింహావలోకనం ఇదే. తాను ఏమి వ్రాశాడో చెప్పుకొనే విలేఖరి కంటె, తాను వ్రాసిన ఊర్లలో వేటికి తిరిగి వెళ్ళాడో, వెళ్ళినప్పుడు తన మొదటి మాట ఎంతవరకు నిలిచినదో చెప్పే విలేఖరి సమీక్షను మీ విద్యార్థులచేత ముందు చదివించండి.